ఉప్పు పువ్వు, తీపి రొట్టె

మేముండే టోక్యోలో వసంతం వస్తుందని చెట్లకన్నా ముందు మా వీధి బేకరీ చెబుతుంది. అన్‌పాన్ అనే గుండ్రని బన్ను నడుమ, ఉప్పులో ఊరవేసిన చెర్రీపువ్వు ఒకటి అద్ది కాలుస్తారు. లోపల అజుకి అనే చిన్న ఎర్ర గింజలను ఉడికించి, చక్కెరతో మెత్తగా చేసిన ముద్ద ఉంటుంది. అచ్చం మన పూర్ణమే! శనగపప్పు, బెల్లం లేవు, అంతే తేడా. శరత్కాలంలో చెస్ట్‌నట్ గింజలవి వస్తాయి గాని, నా మనసు ఈ పువ్వు మీదే.

అన్‌పాన్‌ను 1874లో ఈ నగరంలోనే కిమురాయ అనే దుకాణంవారు మొదట చేశారు. పిండి పొంగడానికి బియ్యం, కోజి కలిపి పులియబెట్టినది వాడారు. మరుసటి ఏడు ఏప్రిల్ 4న మెయిజీ చక్రవర్తికి వడ్డించడానికే యోషినో కొండల చెర్రీపువ్వును దానిపై ఉంచారు.

మొదటిసారి కొరికినప్పుడు తీపి మధ్య ఆ ఉప్పు తగిలి, మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా పూర్ణంలో చిటికెడు ఉప్పు వేసేది. రోటి చుట్టూ మూగిన పిల్లలకు తలా ఒక ఉండ. పొయ్యి ఊదినవారికి రెండు. నేనెప్పుడూ పొయ్యి దగ్గరే! ఆమె చనిపోయినప్పుడు నేనిక్కడే ఉన్నాను, వెళ్లలేకపోయాను.

ఇక్కడే పుట్టిన మా అబ్బాయికి మాత్రం ఈ బన్నే చిన్ననాటి రుచి. మొన్న సెలవులకు మా ఊరు వెళ్లినప్పుడు పూర్ణం బూరె కొరికి, “అమ్మా, ఇది నూనెలో వేయించిన అన్‌పాన్!” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా పెద్దమ్మ వాడి చేతిలో ఇంకో బూరె పెట్టి, “ఆ అన్‌పాన్ ఎలా చేస్తార్రా?” అని అడిగింది.