రాత్రి రెండింటి వంతు

మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ 2007లో వచ్చింది. అప్పుడు నేను ఇంజనీరింగ్ సెకండియర్, ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. బీఎస్ఎన్ఎల్ డేటావన్‌లో ఐదొందల ప్లాను. పగలు వాడితే ప్రతి ఎంబీకీ లెక్కే. రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా మాత్రం ఎంత వాడుకున్నా ఫ్రీ. ఊళ్ళో నాలాంటి కుర్రాళ్ళు ఎంతమంది ఆ ఆరు గంటల కోసం నిద్ర చెడగొట్టుకున్నారో లెక్క తీస్తే, ఆ ఏళ్ళలో కాలేజీల్లో ఫస్ట్ అవర్ అటెండెన్స్ ఎందుకు పడిపోయిందో తెలుస్తుంది.

రెండు అలారాలు పెట్టుకునేవాణ్ణి. ఒకటి ఒంటిగంటా యాభై అయిదుకి, ఇంకోటి ఏడూ యాభైకి. మొదటిది మోగకపోతే సినిమా పోతుంది, రెండోది మోగకపోతే బిల్లు వస్తుంది. ఒకసారి రెండోది మోగినా నేను లేవలేదు. ఆ నెల బిల్లు చూసి నాన్న ఏమీ అనలేదు. దాన్ని మడిచి, నా డేటా స్ట్రక్చర్స్ పుస్తకంలో పెట్టి వెళ్ళిపోయారు. టైము ప్రకారం దానంతటదే మొదలై దానంతటదే ఆగిపోయేలా సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూలర్ ఒకటి ఉంటుందని నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఇప్పుడు నేను సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నాను. ఈ ముక్క మా మేనేజర్‌కి చెప్పకండి.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు మ్యూటొరెంట్. ఫ్లాపీలో పట్టేంత చిన్నది. సీనియర్ ఒకడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, "డౌన్‌లోడ్ పెట్టి పడుకో, అదే వస్తది" అన్నాడు. అది అబద్ధమని మొదటి రాత్రే తెలిసింది. టొరెంట్ ఫైలంటే సినిమా కాదు, సినిమాకి అడ్రసు లాంటిది. అసలు ఫైల్‌ని వందల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ వేలిముద్ర లాంటి ఒక హాష్ రాసిపెట్టిన జాబితా. ముక్కలన్నీ ఒక సర్వర్లో ఉండవు. ప్రపంచంలో ఎక్కడెక్కడో మనలాగే కంప్యూటర్ ఆన్ చేసుకుని కూచున్నవాళ్ళ దగ్గర ఉంటాయి. అన్ని ముక్కలూ ఉన్నవాడు సీడ్. ఇంకా ఏరుకుంటున్నవాడు లీచ్, అంటే జలగ. పేరు మరీ మొరటుగా ఉందనిపించింది కానీ, పెట్టినవాళ్ళు తెలిసే పెట్టారు.

2001లో బిట్‌టొరెంట్‌ని తయారుచేసిన బ్రామ్ కోహెన్ తెలివంతా రెండు నియమాల్లో ఉంది. ఒకటి, ఎవరు నీకు ఇస్తున్నారో వాళ్ళకి ముందు ఇవ్వు. రెండు, అందరి దగ్గరా ఉన్న ముక్కని కాకుండా, తక్కువమంది దగ్గర ఉన్న ముక్కని ముందు తెచ్చుకో. అరుదైనది ఒక్కడి దగ్గరే మిగిలిపోతే, వాడు కంప్యూటర్ ఆపేసిన రోజున అది ఎవరికీ లేకుండా పోతుంది కదా. రెండో నియమం అందుకు. ఈ రెండింటితో ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య సహకారం దానంతటదే జరిగిపోతుంది. జరగనిదల్లా ఒకటే: నూటికి నూరు శాతం వచ్చేశాక ఏం చేయాలన్నది. అక్కడ ఏ నియమమూ మనల్ని కట్టిపడేయదు.

*

2008లో నవతరంగం లాంటి తెలుగు సైట్లలో ప్రపంచ సినిమా గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన సినిమాలు చూడ్డానికి మాత్రం దారి లేదు. మా వీధి చివర వీడియో షాపులో కురొసావా ఉన్నాడా అని అడిగితే, అదెవరి డబ్బింగ్ అని అడిగాడు. అలా ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' టొరెంట్ పట్టాను. 1953 సినిమా. ముసలి భార్యాభర్తలు పిల్లల్ని చూడ్డానికి పట్నం వస్తారు. పిల్లలకి తీరిక ఉండదు. కథ అంతే.

ఏడొందల ఎంబీ. మూడు రాత్రుల్లో 98.6 శాతం వచ్చి ఆగిపోయింది. కిటికీలో నాతో కలిపి పదిమంది ఉన్నాం. పదిమంది దగ్గరా సరిగ్గా 98.6. సీడ్స్ సున్నా. అందరం ఒకరి దగ్గరున్నవి ఒకరం పంచేసుకున్నాం. ఆ మిగిలిన పది ఎంబీ మాత్రం మాలో ఎవరి దగ్గరా లేదు. సీడ్ ఎప్పుడైనా వస్తాడేమోనని రోజూ రెండింటికి లేచి కూచునేవాణ్ణి.

అప్పుడే దివిసీమ నుంచి తాతయ్య శుక్లాల ఆపరేషన్‌కి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. కంటికి పచ్చ గుడ్డ, రాత్రుళ్ళు నిద్ర పట్టదు. ఒక రాత్రి వచ్చి నా మంచం మీద కూచున్నాడు.

"ఈ టైములో ఏంట్రా?"

"సినిమా వస్తోంది తాతయ్యా. రెండింటి నుంచి ఎనిమిది దాకా డబ్బుల్లేవు."

"వంతు నీళ్ళన్నమాట."

తాతయ్యది కాలవకి శివారు పొలం. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలితే ఆయన చేలోకి రావడానికి రోజులు పట్టేది. వంతు వచ్చేది కూడా ఎక్కువగా రాత్రిపూటే. బ్యాటరీ లైటు, పార పట్టుకుని బోదె గట్టు మీద కాపలా కూచోవాలి. కునుకు పడితే ఎగువవాళ్ళు అడ్డుకట్ట వేసేసుకునేవాళ్ళు.

"ఆగిపోయిందేం? పైవాడు కట్టేశాడా?"

"ఇందులో పైవాడు ఎవరూ లేరు. అందరం పక్కపక్కనే. నా దగ్గరున్నది వాళ్ళకి పోద్ది, వాళ్ళ దగ్గరున్నది నాకొస్తది."

"మరి కాలవేదిరా?"

కాసేపు ఆలోచించి, "అందరం కలిస్తేనే కాలవ" అన్నాను.

ఆయన ఒంటి కన్నుతో తెర వంక చాలాసేపు చూశాడు. "అట్టాగైతే నీ చేను తడిసింది గదా అని నువ్వు తూము మూయకూడదు. కింద ఎవడుంటాడో ఏమో" అన్నాడు. నేను నవ్వాను. ఏం జవాబు చెప్పానో గుర్తులేదు.

పదకొండో రాత్రి నాలుగూ పదికి సీడ్ వచ్చాడు. పక్కన బ్రెజిల్ జెండా. అక్కడ సాయంత్రం ఏడున్నర దాటి ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి కంప్యూటర్ పెట్టుకున్నాడేమో. పది నిమిషాల్లో నాది నూరు శాతమైంది. మిగతా తొమ్మిదిమందివీ కదలడం మొదలైంది. 98.9, 99.1. ఇంతలో బ్రెజిల్ జెండా మాయమైంది. ఇప్పుడు ఆ కిటికీలో అన్ని ముక్కలూ ఉన్నది నా ఒక్కడి దగ్గరే.

మన టెలిఫోను లైన్లలో వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు. గంటలో దించుకున్నది తిరిగి ఇవ్వాలంటే చాలా గంటలు పట్టేది. పైగా పోయే దారి నిండిపోతే వచ్చేది కూడా నెమ్మదిస్తుంది. నా క్యూలో ఇంకో సినిమా ఉంది, ఎనిమిది కావడానికి మూడున్నర గంటలే టైముంది. రైట్ క్లిక్ చేసి 'రిమూవ్' కొట్టాను.

తాతయ్య అంతకు నాలుగు రోజుల ముందే ఊరికి వెళ్ళిపోయాడు. సినిమా ఒక్కణ్ణే చూశాను, ఒక డైరీలో రెండు పేజీల సమీక్ష కూడా రాశాను. ముసలివాళ్ళని పట్టించుకోని పిల్లల మీద అందులో ఘాటైన వాక్యాలున్నాయి. ఆయనకి ఆ సినిమా చూపించాలని మాత్రం నాకు తోచనే లేదు. 2011లో తాతయ్య పోయాడు.

*

2013 సెప్టెంబరు నాటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. 'అత్తారింటికి దారేది' విడుదలకి ముందే దాదాపు గంటన్నర సినిమా బయటికి వచ్చేసింది. అది మొదట బయటపడింది మా జిల్లాలోనే, కలంకారీకి పేరున్న పెడనలో. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వచ్చిన కాపీని అక్కడ సీడీలు కొట్టి అమ్మారు. పోలీసు కేసులయ్యాయి. నిర్మాతలు తేదీని ముందుకు జరిపి సెప్టెంబరు 27న విడుదల చేసేశారు. సినిమా పెద్ద హిట్ అయింది కాబట్టి ఆ కథ సుఖాంతం. కాకపోయి ఉంటే?

ఆ వారం మా ఆఫీసులో ఒక పెన్‌డ్రైవ్ సీటు సీటుకీ తిరిగింది. నా దగ్గరికి వచ్చినప్పుడు వద్దన్నాను. ఊరుకోకుండా, ఎంతమంది కష్టమో, ఎన్ని కోట్లో చెప్పి క్లాసు పీకాను. పక్క సీటువాడు అంతా విని, "నీ హార్డ్‌డిస్క్‌లో ఉన్న కురొసావాని ఏమన్నా అత్తారోళ్ళు కట్నం కింద ఇచ్చారా?" అన్నాడు.

ఇన్నేళ్ళైనా ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ సినిమాలు మన ఊళ్ళో దొరకవు కదా అనేవాణ్ణి. నిజమే, విజయవాడలో దొరకవు. విదేశాల నుంచి తెప్పించుకుంటే డీవీడీలు దొరికేవి, వాటి ధర నా నెల ఖర్చంత ఉండేది. అంటే నా వాదం 'దొరకదు' కాదు, 'కొనలేను'. దర్శకుడు ఎప్పుడో చచ్చిపోయాడు, ఇప్పుడు నష్టపోయేదెవరు అనేవాణ్ణి. ఆ పాత ఫిల్ము బూజు పట్టకుండా కాపాడి, శుభ్రం చేసి, సబ్‌టైటిల్స్ రాసినవాళ్ళు బతికే ఉన్నారు. నేను ఓజుని చూడగలిగింది వాళ్ళ పని వల్లే, వాళ్ళకి పైసా ఇవ్వకుండా. ఇప్పుడు సంపాదిస్తున్నాను కాబట్టి కొంటున్నాను. దానితో పాత లెక్క చెల్లిపోయిందని అనుకోను.

అటువైపు కూడా ఒక మాట చెప్పాలి. 2012లో '3', 'దమ్ము' సినిమాల కోసం మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుని పట్టుకుని, మన ఇంటర్నెట్ కంపెనీలు టొరెంట్ సైట్లతో పాటు వీమియోని కూడా మూసేశాయి. అది ఎంతోమంది తమ సొంత సినిమాలు పెట్టుకునే చోటు. గండి పూడ్చమంటే కాలవే కట్టేసినట్టు.

*

టొరెంట్‌ని నేను దొంగసరుకుతో మొదలుపెట్టాను. దాని అసలు ఉపయోగం నాకు పాత తెలుగు పుస్తకాల దగ్గర తెలిసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టింది. కానీ ఒక్కో పేజీ విడివిడిగా దించుకోవాల్సి వచ్చేది. ఓపికున్నవాళ్ళు దానికోసం చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి, పుస్తకాలు దించి దాచారు. తర్వాత ఆ సైటే మూతపడింది. అప్పటికి ఆ పుస్తకాల్లో చాలా భాగం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోకి చేరిపోయి ఉండబట్టి బతికాయి. అక్కడ 2012 నుంచి పుస్తకాలకి టొరెంట్ ఫైల్ కూడా ఇస్తున్నారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్ళకి పుస్తకం అందరిదీ అవుతుంది. కందుకూరి, గురజాడ పుస్తకాలు దించుకోడానికి ఏ సాకూ వెతుక్కోనక్కర్లేదు.

అలా దించుకున్నవాటిలో గ్రంథాలయోద్యమం గురించి చదువుతుండగా ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది మా బెజవాడ రామమోహన గ్రంథాలయంలోనే. ఆ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం 1935లో ఒక పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణ పశ్చిమ డెల్టా కాలవ మీద తిప్పారు. కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా. పుస్తకాలు దొరికే ఊరికి జనం రావడం కాదు, కాలవ గట్టున ఉన్న ఊళ్ళకి పుస్తకాలే వెళ్ళాయి.

ఆ పడవ గురించి చదివినప్పుడు నాకు బ్రెజిల్ జెండా గుర్తొచ్చింది. వెంటనే, 99.1 దగ్గర నేను వదిలేసిన తొమ్మిదిమంది గుర్తొచ్చారు. పడవ నుంచి పుస్తకం తీసుకున్నవాడు దాన్ని తిరిగి ఇవ్వకపోతే పైఊరివాడికి ఏమీ కాదు. తర్వాతి ఊళ్ళో గట్టు మీద నిలబడ్డవాడికే నష్టం. వాణ్ణి తీసుకున్నవాడు ఎప్పుడూ చూడడు. చూడకపోవడం వల్లే తూము మూసేయడం అంత తేలిక.

ఇప్పుడు ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. అందులో రెండొందల చిల్లర తెలుగు పుస్తకాలు, అన్నీ కాపీరైట్ తీరినవే, రాత్రీపగలూ సీడింగ్‌లో ఉంటాయి. నిజానికి వాటితో పెద్ద పని లేదు. ఆర్కైవ్ టొరెంట్లకి ఎవరూ సీడ్ చేయకపోయినా ఆర్కైవ్ సర్వర్లే ఫైలు ఇచ్చేస్తాయి. నెలలపాటు నా దగ్గరికి ఎవరూ రారు. నా భార్య దాన్ని 'కరెంటు తినే దేవుడు' అంటుంది.

2024 అక్టోబరులో ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి సైటు కొన్ని రోజులు పూర్తిగా ఆగిపోయింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మూతపడ్డప్పుడు కాపాడిన చోటే ఇప్పుడు మూతపడిందన్నమాట. ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూచున్నాను. చాలాసేపు ఏమీ లేదు. మూడో రోజు రాత్రి ఎవరో వచ్చారు, మన దేశం జెండానే. నా దగ్గరున్న ఒక పాత వ్యాకరణ పుస్తకం. 12 శాతం, 30, 41. అక్కడ ఆగి, మాయమైపోయారు. కరెంటు పోయిందో, వద్దనుకున్నారో.

"ఇంక ఆపెయ్యనా? పడుకుందాం" అంది నా భార్య స్విచ్ మీద చెయ్యిపెట్టి.

టైము చూశాను. రెండు కావస్తోంది.

"ఉండనీ" అన్నాను.