విశాఖ ఫిషింగ్ హార్బరు: భద్రత ఖర్చు ఎవరి వాటాలోంచి?

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో మరపడవలను తీరిగ్గా చూడాలంటే మే నెల మంచిది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధమే అయినా, బోట్లకు పెద్ద మరమ్మతులు జరిగేదీ అప్పుడే. ఈ వ్యాసకర్త వెళ్లిన రోజు సోనా బోట్లనే మరపడవలు జెట్టీ పొడవునా ఒకదానికొకటి తాళ్లతో కట్టి ఉన్నాయి. చివరి బోటులో ఉన్న మనిషి ఒడ్డుకు రావాలంటే నాలుగైదు బోట్ల మీంచి దాటుకుంటూ రావాలి. గట్టు మీద కొందరు ఇంజిన్లు విప్పుతున్నారు, కొందరు రంగు వేస్తున్నారు. నీరు కారని అడుగు, నడిసముద్రంలో ఆగిపోని ఇంజిను: బోటుకు వీటిని మించిన భద్రత లేదు. అయినా ఈ ఖర్చును ఎవరూ నిబంధనల భారం అనరు.

భారమనిపించేవి చట్టం అడిగేవి. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. బోటుకు రిజిస్ట్రేషను, లైసెన్సు ఉండాలి. వీటి విషయంలో ఓనర్లు జాగ్రత్తగానే ఉంటారు. దానికి జరిమానా భయం కంటే డీజిల్ సబ్సిడీ పెద్ద కారణం. లీటరుకు 9 రూపాయల చొప్పున మరపడవకు నెలకు 3,000 లీటర్ల వరకు, అంటే 27,000 రూపాయలు. కాగితాలు సరిగ్గా లేకపోతే అది రాదు.

తర్వాతివి సామాన్లు: లైఫ్ జాకెట్లు, లైఫ్ బాయ్, మంటలార్పే సిలిండరు, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు, మందుల పెట్టె. ఒక్క వేటకు వేల లీటర్ల డీజిల్ తాగే బోటులో, వెయ్యి లీటర్లకే లక్ష రూపాయల దాకా అయ్యే చోట, ఆరేడు జాకెట్ల ఖరీదు లెక్కలోకి వచ్చేది కాదు. ఖరీదైన పరికరాలకు ప్రభుత్వ సాయం కూడా ఉంది. వీహెచ్‌ఎఫ్ అందనంత దూరం పోయిన బోట్ల కోసం, ఉపగ్రహం ద్వారా కబురు పంపే ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు ఉచితంగా బిగించే పథకాన్ని కేంద్రం 364 కోట్ల రూపాయలతో చేపట్టింది. బోటుకు సగటున 36,400 అన్నమాట. ఇక జాకెట్ల సంగతికొస్తే, చూసిన బోట్లలో చాలావాటిలో అవి కేబిన్ కప్పు కింద కట్టలుగా కట్టే ఉన్నాయి. ఎండలో వల లాగేవాడికి ఆ దళసరి జాకెట్ తొడుక్కుంటే చెయ్యి ఆడదు, ఊపిరాడదు. దీన్ని నిర్లక్ష్యమని కొట్టిపారేయడం తేలిక. పనికి అడ్డం రాని జాకెట్ ఇవ్వడం నిబంధన రాసినవారి పని కూడా.

పైసా ఖర్చు లేనివాటినీ మరిచిపోతుంటారు. రోజుల తరబడి నిల్వ ఉన్న చిల్లర చేప కుళ్లితే కింది గదిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. దిగినవాడు స్పృహ తప్పి పడిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. వాణ్ణి తేవడానికి దిగిన రెండోవాడికీ అదే గతి. మూత తీసి కాసేపు గాలి ఆడనివ్వడమే మొదటి జాగ్రత్త.

2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బరులోనే మంటలు లేచాయి. ఒకదానికొకటి కట్టి ఉన్న బోట్లలో నలభైకి పైగా దెబ్బతిన్నాయి. వంటకు పెట్టుకున్న గ్యాస్ సిలిండర్లు, ట్యాంకుల్లోని డీజిలు మంటను ఇంకా పెంచాయి. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అలా మంట పాకకుండా బోట్ల వరసల మధ్య ఖాళీ వదలాలంటే ఇంకా జెట్టీ కావాలి, జెట్టీకి డబ్బు కావాలి. అది ఏ ఓనరూ ఒక్కడే పెట్టగలిగేది కాదు.

అన్నిటికంటే బరువైన ఖర్చు రోజులది. 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు' అన్న రేడియో తుఫాను హెచ్చరిక తీరంలో అందరికీ కంఠతా వచ్చు. బయలుదేరకముందే వస్తే ఐసు కరుగుతుంది, అంతే. సముద్రం మీద వారం గడిచాక వస్తే, సగం నిండిన బోటుతో డీజిలు కాల్చుకుంటూ వెనక్కి రావాలి. ఆ నష్టం ఓనరుతో ఆగదు. డీజిలు, ఐసు, సరుకుల ఖర్చు తీసేశాకే మిగిలినది ఓనరుకూ, సరంగుకూ, కళాసీలకూ వాటాలు పడుతుంది. నిష్పత్తి బోటును బట్టి మారుతుంది. ఖర్చు పద్దులో భద్రత పేరుతో ఏది చేరినా కళాసీ వాటా కూడా తగ్గుతుందన్నమాట. నిబంధనలకు కళాసీలే ఎదురు చెప్పడం బయటివారికి వింతగా తోస్తుంది కానీ, ఈ పద్దు చూస్తే అందులో వింతేమీ లేదు.

నిద్ర లెక్కా ఇదే. ట్రాల్ వలను కొన్ని గంటలకోసారి రాత్రీ పగలూ ఎత్తుతూనే ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒప్పందం, మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే బోట్లలో 24 గంటలకు కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలంటుంది. అది 2017 నవంబరు 16 నుంచి అమల్లో ఉంది, భారతదేశం ఆమోదించలేదు. చేపల ఓడల నిర్మాణం, పరికరాల గురించిన 2012 నాటి కేప్‌టౌన్ ఒప్పందం 24 మీటర్లు, ఆపై పొడవున్న ఓడలకు. సోనా బోట్లు అంత పొడవుండవు. పది గంటల విశ్రాంతి నిజంగా దక్కాలంటే ఇంకో ఇద్దరిని ఎక్కించుకోవాలి. ఇద్దరంటే ఇంకో రెండు వాటాలు, పడుకోవడానికి ఇంకో రెండు చోట్లు, నీళ్లకు ఇంకో డ్రమ్ము.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు కదులుతాయి. ఎక్కేది ఎప్పటిలా ఆరేడుగురే.