శిల్పారామంలో చేతిపనుల సంత

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న మాదాపూర్, నేను మదర్సా విద్యార్థిగా ఉన్న కాలంలో రాళ్ల గుట్టలూ తుమ్మ పొదలూ తప్ప మరేమీ లేని చోటు. నేడు అక్కడ ఏ వైపు చూసినా అద్దాల మేడలే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ ప్రాంతం రూపురేఖలు మారిపోయాయి. అయితే ఆ మేడలకంటే ముందే, 1990ల ఆరంభంలో, గుట్టలను పిండి చేయకుండా వాటి నడుమనే చేతివృత్తుల వారికోసం ఒక గ్రామాన్ని నిర్మించాలన్న ఆలోచన ప్రభుత్వానికి కలిగింది. సుమారు 65 ఎకరాల విస్తీర్ణంలో వెలసిన ఆ గ్రామమే శిల్పారామం. ఒక బండమీద మరొక బండ ఎవరో ఎత్తి నిలిపినట్లుండే దక్కను శిలలు ఇక్కడ ఇంకా సురక్షితంగా ఉన్నాయి. నగరంలో మిగిలిన చోట్ల వాటికి ఆ భాగ్యం దక్కలేదు.

ఏడాది పొడవునా అక్కడ దుకాణాలు ఉంటాయి. కాని డిసెంబరు నెల రెండో పక్షంలో జరిగే అఖిల భారత చేతివృత్తుల మేళాకు వెళ్లినవారికే ఆ స్థలం అసలు స్వరూపం అర్థమవుతుంది. కచ్ నుండి అద్దాల కుట్టుపనివారు, కాశ్మీరు నుండి శాలువల వారు, సహరన్‌పూర్ నుండి చెక్కపని వారు, బందరు నుండి అద్దకం వారు, అందరూ చెట్ల కింద, పందిళ్ల కింద తమ సరుకు పరచుకొని కూర్చుంటారు. పోయిన మేళాకు నా శ్రీమతి, వివాహం నిశ్చయమైన మా అమ్మాయి, పదిహేనేళ్ల మా అబ్బాయితో కలిసి వెళ్లాను. మెట్రో రైలు దిగి కొద్ది దూరం వెళితే చాలు. ప్రవేశ రుసుము ఉంది. వారాంతంలో మాత్రం వెళ్లకండి. ఆ రద్దీలో కళాకారునితో రెండు మాటలు మాట్లాడే అవకాశమే దొరకదు.

లోపలికి వెళ్లగానే మట్టి గోడల ఇళ్లతో ఒక గ్రామీణ ప్రదర్శనశాల ఉంది. కుమ్మరి, సాలె, కమ్మరి తమ తమ పనుల్లో నిమగ్నమైనట్లు నిలువెత్తు బొమ్మలు చేసి పెట్టారు. మా అబ్బాయి వాటిని చూసి, “అబ్బా, వీళ్లందరూ ఇప్పుడు ఉన్నారా, లేరా?” అని అడిగాడు. “ముందుకు పద, ఉన్నవారినే చూద్దాం” అన్నాను.

మేము మొదట ఆగింది బిద్రీ పనివారి వద్ద. బీదరు పట్టణం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక మన ప్రాంతపు ముస్లిం కుటుంబాలకు బిద్రీ కొత్తది కాదు. పెద్దల కాలంలో పాన్‌దాన్, హుక్కా, అత్తరుదాన్ అన్నీ ఆ నల్లని లోహంతోనే ఉండేవి. ఆ నలుపు మీద మెరిసే వెండి పువ్వులను చూసినవారు అది రంగు పూత అనుకుంటారు. కానే కాదు. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి, ఇసుక అచ్చులో పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం రాసి తాత్కాలికంగా నలుపు చేస్తారు. అప్పుడే గీత కంటికి కనబడుతుంది. సన్నని ఉలితో లతలు చెక్కి, ఆ చాలులో వెండి తీగను సుత్తితో కొట్టి కూర్చుతారు. చివరకు బీదరు కోటలోని మట్టిని, నవాసారాన్ని నీటిలో కలిపి, వెచ్చచేసిన పాత్రకు పట్టిస్తారు. అంతటితో తుత్తునాగం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. ఆ మట్టి కూడా ఎక్కడ పడితే అక్కడిది పనికిరాదు. ఏళ్ల తరబడి ఎండా వానా తగలని మూలల నుండి తీసి, నాలుక మీద వేసుకొని రుచి చూసి మరీ ఎంచుకుంటారు. ఈ కళలో జీవితం గడిపిన బీదరు వాసి షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

అరచేతిలో ఇమిడే ఒక నగల పెట్టెను మా అమ్మాయి ఎంచుకుంది. ధర 3,200 రూపాయలు అన్నాడు ఆ పెద్దాయన. నా శ్రీమతి అలవాటుగా సగం ధర అడిగింది. ఆయన కోపగించుకోలేదు, వాదించలేదు. బల్ల కింది నుండి, గీత మాత్రమే గీసి ఇంకా చెక్కని ఒక మూతను తీసి ఆమె ముందు పెట్టాడు. ఒక ఉలి కూడా పెట్టాడు. “ఆపా, ఈ ఒక్క ఆకు చెక్కి చూడండి. తరువాత మీరు ఎంతంటే అంత” అన్నాడు. ఆమె నవ్వి ఉలి ముట్టుకోలేదు. మా అబ్బాయి ముట్టుకున్నాడు. రెండు దెబ్బలకే ఉలి జారి గీత దాటింది. పోత పోసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, వెండి కూర్చేవాడు ఒకడు, మెరుగు పెట్టేవాడు ఒకడు. ఆ 3,200లో వెండి ఖర్చు, ప్రయాణపు ఖర్చు పోగా మిగిలినది ఈ నలుగురికీ పంచాలని ఆయన వేళ్లమీద లెక్క చెప్పాడు. “మీ అబ్బాయి నేర్చుకున్నాడా?” అని అడిగాను. “నేర్చుకున్నాడు హజ్రత్. ఇప్పుడు బండిమీద ఇంటింటికీ భోజనాలు చేరవేస్తున్నాడు. నెల తిరిగేసరికి చేతికి డబ్బు వస్తుంది కదా” అన్నాడు ఆయన. ఆ మాటలో ఫిర్యాదు లేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

బేరమాడటం ధర్మం నిషేధించినది కాదు. అయితే అమ్మేటప్పుడూ కొనేటప్పుడూ ఉదారంగా వ్యవహరించే వ్యక్తి కోసం దైవప్రవక్త (స) దుఆ చేశారన్న సంగతిని మనం పిల్లలకు పాఠంగా చెబుతాం. పెద్ద దుకాణాల్లో ముద్రించిన ధరను మారుమాటాడకుండా చెల్లించి, చెట్టు కింద కూర్చున్న పనివాని దగ్గర మాత్రం రూపాయి రూపాయికీ పోరాడే మన అలవాటుకు ఆ పాఠంలో ఎక్కడా ఆధారం దొరకదు. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) రాజై ఉండి కూడా ఇనుప కవచాలు అల్లారు. తన చేతి సంపాదనే తిన్నారు. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి. మా మదర్సాలో ఈ విషయాలు కంఠస్థం చేసిన పిల్లలలో ఉలి పట్టినవాడు ఒక్కడూ లేడని ఆ పూట నాకు తోచింది.

అయితే సంతలో అందరూ ఆ పెద్దాయన వంటివారే అని చెప్పలేను. నాలుగు అడుగుల దూరంలో ఒక దుకాణంలో ‘అసలు కలంకారీ’ అని బోర్డు పెట్టి మిల్లు గుడ్డ అమ్ముతున్నారు. కలంకారీ అనే మాటే పారసీకం నుండి వచ్చింది. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో నేటికీ వెదురు కలంతోనే గీస్తారు. బందరు, పెడనలలో చెక్క అచ్చులతో అద్దుతారు. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుండి ఇరానుకు ఓడలు వెళ్లేవి గనుక, అక్కడివారి అభిరుచికి తగినట్లు సరో చెట్లు, పూల తీగలు, మిహ్రాబు కమానులు మన అద్దకంలో ప్రవేశించాయి. జానమాజులు కూడా అద్దేవారు. పనితీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గుడ్డను కరక్కాయ నీటిలో నానబెడతారు. ఇనుప తుక్కును బెల్లంతో పులియబెట్టి నలుపు తీస్తారు. పటికతో అద్దిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఎన్నిసార్లు ఉడికించాలో, ఎన్నిసార్లు పారే నీటిలో జాడించాలో లెక్కే లేదు.

దొంగ సరుకును గుర్తించే ఉపాయం కష్టమైనది కాదు. గుడ్డను తిరగవేయండి. చేతి అద్దకంలో రంగు వెనుక వరకు దిగి ఉంటుంది. అచ్చుకూ అచ్చుకూ నడుమ అతుకు వెంట్రుకవాసి అటో ఇటో జరిగి ఉంటుంది. యంత్రపు ముద్రణలో ఆ పొరపాటు ఉండదు, వెనుకవైపు వెలవెలబోతూ ఉంటుంది. బజారులో ధాన్యపు రాశి లోపలికి దైవప్రవక్త (స) చేయి పెట్టి చూడగా తడి తగిలిన సంఘటన తెలియనివారు మనలో ఉండరు. గుడ్డను తిరగవేసి చూడటం కూడా రాశిలో చేయి పెట్టడమే. అక్కడ మోసపోయేది కొనేవాడు ఒక్కడే కాదు. పెడనలో చేతులకు రంగు అంటించుకున్న కుటుంబం కూడా.

ఇక్కడ ఒక చిన్న ప్రస్తావన. నాంపల్లి నుమాయిష్‌ను 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించినప్పుడు దాని పూర్తి పేరు ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’. అంటే ఈ నేలమీద తయారైన వస్తువుల ప్రదర్శన. నేడు నుమాయిష్ వెళ్లి వచ్చేవారి సంచుల్లో ప్లాస్టిక్ సామాను చూసినప్పుడల్లా ఆ పేరు గుర్తుకు వస్తుంది.

కొండపల్లి బొమ్మల ముందు మా అబ్బాయి సందేహం వెలిబుచ్చాడు. ప్రాణుల రూపాలను చిత్రించడం గురించి మన ధర్మవేత్తలు కఠినంగానే చెప్పారు. పిల్లలు ఆడుకునే బొమ్మల విషయంలో మాత్రం హజ్రత్ ఆయిషా (ర) బాల్యాన్ని ఆధారం చేసుకొని అనేకులు సడలింపునిచ్చారు. ఇంట్లో అలంకారంగా నిలబెట్టడం వేరు, పసిపిల్ల చేతిలో ఆటవస్తువు వేరు అని వాడికి చెప్పాను. అయినా ఎంచుకోవడానికి అక్కడ లోటేమీ లేదు. ఏటికొప్పాక వారి లక్కపిడతలు, బొంగరాలు ఉన్నాయి. అంకుడు కర్రను తిరగలి పెట్టి, చెట్ల రంగులు కలిపిన లక్కను దానిమీద ఒత్తితే ఆ వేడికే రంగు కరిగి పట్టుకుంటుంది. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారన్న భయం కొంత తగ్గుతుంది. మా అన్నగారి మనుమరాలి కోసం ఒక జత లక్కపిడతలు తీసుకున్నాము.

అసర్ సమయానికి కుళాయి వద్ద వుజూ చేసుకొని, ఒక పెద్ద బండ నీడలో జానమాజ్ పరిచాము. సలాం తిప్పేసరికి పక్కనే ఒక యువకుడు అదే నీడలో నమాజుకు నిలబడి ఉన్నాడు. తరువాత తెలిసింది, అతనిది ఖత్తాతీ దుకాణమని. చేతితో తయారైన కాగితం మీద, అడిగినవారి పేర్లను ఉర్దూలో రాసి అమ్ముతున్నాడు. అతని చేతిలోని వెదురు కలం కోత చూడగానే, ఇది వీడియోలు చూసి నేర్చిన పని కాదని తెలిసిపోయింది. కలం మొన ఎంత వెడల్పు ఉంటే ఒక చుక్క అంత. ఆ చుక్కలతోనే అక్షరాలను కొలుస్తారు. నస్తాలీఖ్‌లో అలిఫ్ మూడు చుక్కలు, సులుస్‌లో ఏడు చుక్కలు. అతడు నా పేరు రాసి, చుక్కలు పెట్టి సరిచూసుకున్నాడు.

తాతగారు ఛత్తా బజారులో కాతిబు అట. ఒక ఉర్దూ దినపత్రికకు రాత్రివేళ పుటలు రాసేవారట. ఒకప్పుడు ఉర్దూ పత్రికలోని ప్రతి అక్షరమూ అలా చేతితో రాసినదే. 1990లలో ఇన్‌పేజ్ అనే కంప్యూటరు సాధనం వచ్చాక కాతిబులు పెళ్లి కార్డులకు పరిమితమయ్యారు. పిదప అవి కూడా పోయాయి. తాతగారు మనుమనికి కలం కోయడం నేర్పి, దానితో బతకవద్దని కూడా చెప్పి వెళ్లిపోయారట. ఈ యువకుడు పగలు ఎదుటి అద్దాల మేడల్లో ఒకదానిలో ఉద్యోగం చేస్తాడు. మేళా రోజుల్లో సెలవు పెట్టుకొని ఇక్కడ కూర్చుంటాడు. “కొనేవారిలో మనవాళ్లు ఎక్కువా?” అని అడిగాను. “లేదు హజ్రత్. ఉర్దూ చదవడం రానివారే ఎక్కువ కొంటారు. మనవాళ్లు ముద్రించినది అయితే తక్కువకు వస్తుందంటారు” అన్నాడు. ఖుర్ఆన్ వాక్యాలు ఎందుకు పెట్టలేదని అడిగితే, సంతలో కాగితం ఏ చేతిలో పడుతుందో, ఏ నేలమీద పడుతుందో తెలియదు గనుక, ఇంటికి వచ్చి అడిగినవారికే రాసిస్తానన్నాడు. ఆ జాగ్రత్త నాకు ఎంతో నచ్చింది. వారానికి ఒక్క రోజు మా మదర్సాకు వచ్చి పిల్లలకు కలం కోయడం నేర్పగలవా అని అడిగాను. “ఆదివారమైతే వస్తాను” అన్నాడు. ఎంత ఇవ్వాలో కూడా అక్కడే మాట్లాడుకున్నాము. దీనీ సేవ అంటూ ఉచితంగా రమ్మని అడగడం నాకు సబబుగా తోచలేదు. కమిటీ పెద్దలు ఒప్పుకున్నారు. ఇప్పటికి ఏడు ఆదివారాలు గడిచాయి. పద్దెనిమిది మందితో ప్రారంభమైన తరగతిలో పదకొండు మంది మిగిలారు.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. బిద్రీ పెద్దాయన దుకాణం సర్దుకుంటున్నాడు. నా శ్రీమతి సంచిలోంచి 3,200 లెక్కపెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన నగల పెట్టెను పాత ఉర్దూ పత్రికలో చుట్టి, మా అమ్మాయికి అందిస్తూ ఇలా చెప్పాడు. “బేటీ, దీన్ని చింతపండుతో తోమకు. సబ్బు పెట్టకు. నలుపు తగ్గినట్లనిపిస్తే రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి మెత్తని గుడ్డతో తుడువు. వెండి తీగ ఎక్కడైనా లేస్తే వేలితో లాగవద్దు. వచ్చే డిసెంబరుకు ఇక్కడికే తీసుకురా.”