అరువు పాట... సొంత గొంతు

ఒకప్పుడు రేడియో పెడితే ఆయన పాటే. తర్వాత కొత్తవాళ్లొచ్చారు. వాళ్ల పాటలు మోగడం మొదలైంది. ఈయన పాటలు తగ్గిపోయాయి. పాతికేళ్లు గడిచాక ఆ కొత్తవాళ్ల హిట్లన్నీ ఏరి, స్టూడియోకి వెళ్లి తనే పాడితే ఎలా ఉంటుంది?

అమెరికన్ పాప్ గాయకుడు బ్యారీ మ్యానిలో చేసింది అదే. 2008 నవంబరులో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు ‘ద గ్రేటెస్ట్ సాంగ్స్ ఆఫ్ ద ఎయిటీస్’. అప్పటికి ఆయన వయసు 65. స్టీవీ వండర్‌కి ఆస్కార్ తెచ్చిన ‘ఐ జస్ట్ కాల్డ్ టు సే ఐ లవ్ యూ’, జార్జ్ మైకేల్ ‘కేర్‌లెస్ విస్పర్’, సిండీ లాపర్ ‘టైమ్ ఆఫ్టర్ టైమ్’, రిచర్డ్ మార్క్స్ ‘రైట్ హియర్ వెయిటింగ్’... అన్నీ అందులో ఉన్నాయి.

ఈ ఆలోచన క్లైవ్ డేవిస్ అనే పెద్ద నిర్మాతది. ముందు యాభైల పాటలతో మొదలుపెట్టారు. 2006 జనవరిలో వచ్చిన ఆ ఆల్బమ్ రావడం రావడమే బిల్‌బోర్డ్ జాబితాలో నంబర్ వన్! అదే ఏడాది అరవైలు, 2007లో డెబ్భైలు, ఆ వరుసలోనే ఎనభైలు. అయితే మిగతా మూడూ ఒకెత్తు, ఇదొకెత్తు. ఎందుకంటే ఎనభైలు మ్యానిలోకి కలిసిరాని కాలం. 1983 తర్వాత విడుదలైన ఆయన పాట ఏదీ బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి నలభైలోకి రాలేదు. అంటే తనను పక్కకు నెట్టిన పాటల్నే పిలిచి పీట వేశాడన్నమాట.

ఒకరు రికార్డు చేసిన పాటను మరొకరు మళ్లీ పాడితే దాన్ని ‘కవర్’ అంటారు. ఆ మాట వినగానే చాలామందికి చిన్నచూపు. ‘సొంత సరుకు అయిపోయిందా?’ అంటారు. ఆ ప్రశ్న నాకు బాగా పరిచయం. మా బాబాయి పెళ్లిళ్లలో, వినాయకచవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాకి పాడేవాడు. నాలుగు గంటలు పాడి గొంతు బొంగురుపోయాక ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, “బాగా పాడావయ్యా... నీ సొంత పాటలేమైనా ఉన్నాయా?” అనేవారు. బాబాయి నవ్వి, గుక్కెడు మంచినీళ్లు తాగి, జనం రాసి పంపిన చీటీల్లోంచి ఇంకొకటి విప్పేవాడు.

ఇంతకీ సొంత పాటంటే ఏమిటి? మ్యానిలోనే చూడండి. ఆయనకు పేరు తెచ్చిన ‘మ్యాండీ’ అంతకుముందు స్కాట్ ఇంగ్లిష్ అనే గాయకుడు ‘బ్రాండీ’ పేరుతో పాడిందే. ‘పాటలు రాసేది నేనే’ అని అర్థమొచ్చే ‘ఐ రైట్ ద సాంగ్స్’ రాసింది బీచ్ బాయ్స్ బృందంలోని బ్రూస్ జాన్‌స్టన్! హాట్ 100లో నంబర్ వన్ అయిన మ్యానిలో పాటలు మూడు. మూడూ వేరేవాళ్లు రాసినవే. అలాగని ఆయనకు రాయడం రాదనుకోకండి. వ్యాపార ప్రకటనలకు బాణీలు కట్టినవాడు, ‘కోపకబానా’కు స్వరం సమకూర్చినవాడు. 

పోనీ, ఎనభైల హిట్లయినా తొలి గాయకుల సొంతమా? ఈ ఆల్బమ్‌లో రీబా మెక్‌ఎంటైర్‌తో కలిసి ఆయన పాడిన ‘ఐలండ్స్ ఇన్ ద స్ట్రీమ్’ 1983లో కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్‌ల హిట్. రాసింది మాత్రం బీ గీస్ సోదరులు.

చట్టం కూడా ఈ సంగతిని ఎప్పుడో ఒప్పుకుంది. అమెరికాలో ఒకసారి రికార్డుగా వచ్చిన పాటను నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా పాడుకోవచ్చు. 1909 నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు మామూలు నిడివి పాటకు రేటు కాపీకి 9.1 సెంట్లు. అది పాట రాసినవారి వైపు వెళ్తుంది. మన దగ్గర 2012లో సవరించిన చట్టం ప్రకారం అసలు రికార్డింగ్ వచ్చాక అయిదేళ్లు ఆగి, హక్కుదారుకు ముందుగా తెలియజేసి, రాయల్టీ కట్టి పాడాలి. 

సరే, ఆల్బమ్ బాగుందా? నిజం చెప్పాలంటే సగం సగం. అన్నీ ఒకేలా మెత్తగా సాగిపోతాయి. ఎనభైల పాటల్లోని కరుకుదనం, ఆ కుర్ర ఉడుకు కనిపించవు. ‘రైట్ హియర్ వెయిటింగ్’ను నేను హాస్టల్ రోజుల్లో పాడేవాడి పేరైనా లేని ఎంపీత్రీ సీడీలో విన్నాను. ఆ వయసుకు ఆ గొంతే కావాలి. కానీ ‘టైమ్ ఆఫ్టర్ టైమ్’ దగ్గర ఆగిపోయాను. సిండీ లాపర్ పాడితే అది ప్రేమికురాలి మాట. అరవై అయిదేళ్లాయన పాడితే, చాలాకాలం కలిసి బతికిన మనిషికి ఇచ్చే భరోసాలా వినిపిస్తుంది. అక్షరం మారలేదు. పాడే మనిషి వయసు మారిందంతే.

కవర్ పాటకు అంతకన్నా ఏం కావాలి? ఈసారి పెళ్లిలో ఆర్కెస్ట్రా కుర్రాడు కనిపిస్తే సొంత పాటలున్నాయా అని అడక్కండి. చీటీలన్నీ పక్కన పెట్టి, తనకిష్టమైనది ఒకటి పాడమనండి.