చేపపిల్లల ప్రయాణము

నల్లగొండ పట్టణమునకు సమీపముననే పానగల్లు గ్రామము కలదు. అచటి ఛాయా సోమేశ్వరాలయమును దర్శింపబోవువారు ప్రక్కనున్న ఉదయసముద్రమను పెద్దచెఱువును కూడ చూచి వత్తురు. కందూరు చోడుల నాటినుండి ప్రసిద్ధమైన ఆ చెఱువునకు ఇప్పుడు కృష్ణాజలము కూడ వచ్చి చేరుచున్నది. వానకాలపు చివరిదినములలో మేము అచటికి పోయినప్పుడు, కట్టమీద లారీనుండి కొందఱు ఉబ్బిన సంచులను మెల్లగా దించుచుండిరి. ఒక్కొక్క సంచిలో వందలకొలది చేపపిల్లలు తళతళలాడుచుండెను.

ఇన్ని నీళ్లున్న చెఱువునకు పిల్లలను పైనుండి తేనేల యని చదువరులకు సందేహము కలుగవచ్చును. బొచ్చె, రోహు, మృగాల అను చేపలు వఱదతో పాఱు నదులలో గ్రుడ్లు పెట్టును గాని నిలువనీటి చెఱువులలో పెట్టవు. అదియు గాక ఈ మెట్టసీమలో చిన్న చెఱువులు పెక్కు వేసవికి ఎండిపోవును. కావున వానలు పడి చెఱువులు నిండిన పిదప, ఏటేట పిల్లలను తెచ్చి విడువవలసినదే.

పూర్వము వంగదేశపు నదులలో పట్టిన పిల్లలను మట్టికుండలలో పోసి రైలుబండ్లమీద దూరప్రాంతములకు పంపెడివారు. వెంటపోవు మనుష్యుడు కుండలను కదలించుచు నీటికి గాలి తగులునట్లు చేయుచుండెడివాడు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురిగారు చేప మెదడునొద్దనుండు గ్రంథిరసమును సూదితో ఎక్కించి, నదితో పని లేకుండ గ్రుడ్లు పెట్టించిరి. దానితో పిల్లల కొఱత తగ్గినది గాని ప్రయాణము తప్పలేదు. 2016లో తెలంగాణ ప్రభుత్వము చెఱువులకు ఉచితముగా పిల్లలనిచ్చు పథకము నారంభించిన పిదప, కోస్తాలోని కైకలూరు మొదలగు చోట్లనుండి కూడ సంచులు ఇచటికి వచ్చినవి.

సంచి కట్టుటలో గొప్ప నేర్పు కలదు. ముందొక దినము పిల్లలకు మేత మాన్పింతురు. కడుపునిండ తిన్న పిల్ల దారిలో విసర్జించును. దానివలన అమ్మోనియా పెరిగి నీరు విషమగును. సంచిలో మూడవవంతు మాత్రమే నీరు పోసి, తక్కిన రెండు వంతులు ప్రాణవాయువుతో నింపి మూతి బిగింతురు. నీరెంత యున్న అంత మేలని మనకు తోచును గాని, చేపకు కావలసినది నీటిలో కరగిన ప్రాణవాయువు. నీరు వేడెక్కిన కొలది అందు ఆ వాయువు తగ్గును, చేపకు దాని అవసరము హెచ్చును. అందుచేత చల్లనివేళ బయలుదేరుట మంచిది.

అటనుండి మేము దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా పాలమూరు సీమలో ప్రవేశించితిమి. దారికిరువైపుల రాతిగుట్టలు, ఆముదపుచేలు, కాయలతో వంగిన సీతాఫలపు చెట్లు కన్నుల పండువుగా నుండెను. దేవరకద్ర సమీపమున పెద్దవాగునకు అడ్డముగా నిజాం పాలనపు చివరి యేండ్లలో కట్టిన కోయిల్‌సాగరము కలదు. ఆ నీటి యొడ్డునను పిల్లలను విడుచుచుండిరి.

ఒక యువకుడు తొందరపడి సంచి విప్పబోగా, బెస్తవారి ముసలమ్మ యొకతె అతని చేయి పట్టుకొనెను. “కొత్తకోడండ్ల లెక్క బిడ్డా ఇవి! గడపకాడ జర ఆగనియ్యాలె, ఉరికియ్యొద్దు” అని ఆమె సంచిని విప్పకయే నీటిపై తేలవిడిచెను. పావుగంటకు పైగా ఆగి, లోపలి నీరు వెలుపలి నీరు సమానముగా చల్లబడిన పిదప మూతి విప్పి, సాగరపు నీటిని దోసిలితో కొంచెము కొంచెముగా అందు కలిపెను. పిదప సంచిని వంచగా పిల్లలు తామై ఈదుకొని పోయినవి.

ఆ పావుగంట ఓర్పు లేనిచో రాత్రియంతయు పడిన శ్రమ వ్యర్థము. ఒక్కసారిగా నీరు మారినచో పిల్లలు అదరిపోవును. కొన్ని రెండు దినములకు అడుగున చచ్చును. అది ఎవరి కంటను పడదు. వేసవిలో వల లాగిననాడు నష్టము బయటపడును. అప్పుడు తట్ట నెత్తికెత్తుకొని ఊరూరు తిరిగి చేపలమ్ము ముదిరాజు, గంగపుత్ర కుటుంబముల స్త్రీలకే కదా కష్టము! పిల్లల చదువులు, ఇంటి అప్పులు ఆ తట్టమీదనే ఆధారపడి యున్నవి.

విదేశములలో గాజుతొట్టెలకై సజీవమైన పగడపు జీవులను సైతము నీటిసంచులలో కట్టి, మఱునాటికి చేరునట్లు పంపుదురు. చేరిన పిదప వానిని కూడ మెల్లగా క్రొత్తనీటికి అలవాటు చేయుదురు. మన దేశమున సముద్రపు దిబ్బలను కట్టు పగడపు జీవులకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కలదు; వానిని తీయుటయు అమ్ముటయు నేరము. కావున సోదరీమణులు అట్టివానిని కోరక, పిల్లల ముచ్చటకు చిన్నచేపలనే తెచ్చుకొందురు గాక. తెచ్చిననాడు మాత్రము సంచిని తొట్టెలో తేలవిడిచి, పావుగంట ఆగి, తొట్టెనీరు కొంచెముగా కలిపి, పిదపనే చేపలను విడువుడు. ఆ దినము మేత వేయకుడు.