రెండు మంచి గ్రీజులు

విడివిడిగా చూస్తే రెండూ మంచి గ్రీజులే. అందుకే కలిపాను.

చెన్నై తొండియార్‌పేటలోని మా షెడ్డుకు వచ్చేవన్నీ హార్బరుకు తిరిగే కంటైనర్ బళ్లు. ఒక బండి వెనక హబ్బుల్లో లిథియం గ్రీజు ఉంది. బ్రేకు వేడికి అది నిలవదేమోనని భయపడి, పాతది కడగకుండానే, ఎంత వేడికీ కరగదని పేరున్న బెంటోనైట్ మట్టి గ్రీజును పైన కూరాను. బండి గుమ్మిడిపూండి దాటాక డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, చక్రంలోంచి పొగ!" విప్పి చూస్తే గ్రీజంతా పలచబడి, సీలు దాటి బ్రేకు లైనర్ల మీదికి కారింది. బేరింగు మాడి నీలం తిరిగింది. బ్రేకు సరిగా పట్టని బండితో అతన్ని రోడ్డు మీదికి పంపింది నేనే. ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. గ్రీజులో మామూలుగా నూటికి ఎనభై పాళ్లకు పైగా ఉండేది నూనే. చాలా గ్రీజుల్లో దాన్ని కారిపోకుండా పట్టి ఉంచేది కాస్త సబ్బు. 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ పేటెంట్ పొందిన లిథియం గ్రీజు ఇప్పుడు ఎక్కువగా ఆముదంతోనే తయారవుతోంది. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండే ఆ ఆముదమే. ఆముదం నూనెకు హైడ్రోజన్ పట్టించి, దాన్ని విడగొడితే 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం వస్తుంది. అది 18 కర్బనాల గొలుసు. పన్నెండో కర్బనం దగ్గర ఒక ఆక్సిజన్-హైడ్రోజన్ జత ఉంటుంది. కిటుకంతా అందులోనే ఉంది. ఈ ఆమ్లాన్ని లిథియంతో కలిపి చేసిన సబ్బు వేడి నూనెలో కరిగి చల్లారుతుంటే ఒక అణువులోని జత పక్క అణువులోని జతను పట్టుకుంటుంది, అది ఆ పక్కదాన్ని. ఎవరూ పేనకుండానే మెలికల పోగులు పెరిగి, చిక్కుపడి, సందుల్లో నూనెను నిలబెడతాయి. ఆ జత లేని మామూలు స్టియరిక్ ఆమ్లానికి ఇంత పట్టు రాదు. ఇంకో వింత: ఆముదం నుంచి వచ్చే ఈ అణువులన్నిటిదీ ఒకటే వాటం. కుడి, ఎడమ వాటాల అణువులను సమానంగా కలిపితే పోగులకు బదులు పలకలు కడతాయి, పట్టు తగ్గుతుంది.

ఈ పోగుల అల్లిక వల్లే లిథియం గ్రీజు దాదాపు 190 డిగ్రీల దాకా జారిపోదు. నేను భయపడిన వేడికి అదొక్కటే సరిపోయేది!

మట్టి గ్రీజు కట్టడం వేరు. అందులో సన్నని మట్టి రేకులు అంచుకు అంచు ఆని నూనెను ఆపుతాయి. రేకుల మధ్య సబ్బు, పోగుల మధ్య రేకులు చొరబడేసరికి రెండు కట్టడాలూ సడలాయి. పట్టు తప్పిన నూనె కారిపోయింది.

ఇప్పుడు మా కుర్రాళ్లు డబ్బా రంగు చూడరు, లోపల ఉన్నది ఏ సబ్బో, మట్టో చదువుతారు. హబ్బులో పాతది ఏమిటో తెలియకపోతే అంతా విప్పి, తుడిచి, కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టాకే కొత్తది పెడతాం. దానికి ఒక పూట పడుతుంది. పైపైన గ్రీజు పెట్టి పంపెయ్యమని ఓనర్లు తొందరపెడతారు. కూర్చోబెట్టి పోగుల సంగతి చెబుతాను. అయినా వినకపోతే ఆ పని ఒప్పుకోను.