పాటల టీచరమ్మ చదువు



దావీదు రాజు మందిర సేవకొరకు పాటకులను ఏర్పరచిన సంగతి మొదటి దినవృత్తాంతముల గ్రంథము 25వ అధ్యాయములో ఉన్నది. ఆసాపు, యెదూతూను, హేమాను కుటుంబములవారు, గానములో నేర్పు పొందినవారు, అందరు కలిసి 288 మంది. పేర్ల పట్టిక గదా అని మనలో చాలమంది ఈ అధ్యాయమును త్వరగా దాటిపోతాము. అయితే అందులో ఒక చిన్న సంగతి ఉన్నది. వంతులకొరకు చీట్లు వేసినప్పుడు గురువును, శిష్యుని వేరుచేయలేదట. నేర్పేవాడు కూడ నేర్చుకొనేవారి వరుసలోనే నిలిచాడు. ఈ సంవత్సరము జనవరిలో మా సంఘపు పాటల టీచరమ్మ చెన్నై వెళ్ళి వచ్చిన తరువాత మేము ఆ అధ్యాయమును మరల తెరచి నిదానముగా చదివాము.

మాది నూజివీడు ప్రక్కన మామిడి తోటల నడుమ ఉన్న సంఘము. టీచరమ్మ మా ఊరి మిషను బడిలో మూడవ తరగతికి పాఠములు చెబుతారు. పాటలకు వేరే ఉద్యోగము లేదు గనుక, ప్రార్థన పాట మొదలు క్రిస్మసు కార్యక్రమము వరకు ఆ భారము కూడ ఆమెదే. ఆదివారమునాడు మా చిన్నపిల్లల క్వయరూ ఆమెదే. పదునాలుగు సంవత్సరములుగా చేస్తున్నారు. పిల్లలకు పాట ఎలా నేర్పాలో ఆమెకు ఒక్కరోజైనా నేర్పినవారు లేరు. గాయక బృందములకు నేర్పే ఉపాధ్యాయులకు సంక్రాంతి సెలవులలో మూడు రోజుల సదస్సు ఉన్నదని తెలిసి, వెళ్ళవచ్చునా అని మమ్మును అడిగారు. రుసుము, రైలు ఖర్చు, బస అన్నీ కలిపి అయిదువేల రూపాయలు దాటుతుంది.

పాస్టరేటు కమిటీలో ఒక పెద్దాయన, "పాట నేర్పడానికి మళ్ళీ చదువేంటి అయ్యగారూ? గొంతు దేవుడిచ్చింది గదా" అన్నారు. ఇంకొకరు ఆ సొమ్ముతో స్పీకరు పెట్టె కొనవచ్చునన్నారు. మేము కోపపడలేదు. "మామిడి చెట్టు కూడ దేవుడిచ్చిందే గదండీ. పూతకు తేనెమంచు పురుగు పడితే ఏ మందు కొట్టాలో తెలిసికొనడానికి మీరు నూజివీడు మీటింగుకు వెళ్ళి వస్తారు గదా" అన్నాము. ఆయన నవ్వి, సరేనన్నారు. స్పీకరు సంగతి మాత్రము మినిట్సులో వ్రాయించారు.

పాట నేర్పేవారు ఒకచోట కూడి నేర్చుకొనుట ఈ కాలపు ఫ్యాషను అనుకొనేవారికి ఒక మాట చెప్పాలి. 1841లో ఇంగ్లండులోని హల్ పట్టణములో ఆదివారపు బడి ఉపాధ్యాయులు సమావేశమయ్యారు. పిల్లలకు పాట నేర్పడానికి ఏది సులువైన మార్గమో వెదకి చెప్పమని జాన్ కర్వెన్ అనే యువ పాదిరిగారికి అక్కడ అప్పగించారు. ఆయన సంగీత పండితుడు కాడు. నార్విచ్ పట్టణములో సారా గ్లోవర్ అనే ఆమె బడిపిల్లలకు స్వరముల పేర్లతో పాట నేర్పుతూ, ఆ పద్ధతిని 1835లో పుస్తకముగా కూడ ప్రచురించారు. కర్వెన్‌గారు దానిని ఆధారము చేసికొని, దిద్ది, టానిక్ సోల్ఫా అనే పద్ధతిగా లోకమంతట వ్యాపింపజేశారు. ఒక టీచరమ్మ తన తరగతిలో కనుగొన్నది, ఒక పాదిరిగారి చేతికి అందినది, ఉపాధ్యాయుల సమావేశము వలననే. అదే 1841లో నోబుల్ దొరగారు, ఫాక్స్ దొరగారు మన మచిలీపట్నములో అడుగుపెట్టారు. మన కృష్ణా తీరపు సంఘముల చరిత్రా, ఆ పాటల పద్ధతీ ఒకే సంవత్సరములో మొదలైనవి!

ఇక చెన్నై సంగతి. మొదటి రోజున టీచర్లందరినీ పిల్లలవలె బల్లల మీద కూర్చోబెట్టి పాడించారట. మగవారి శృతిలో పాడమని ఆడవారికి చెప్పారు. పల్లవి క్రింది పంచమము దగ్గరకు దిగేసరికి వీరి గొంతులు లోపలికి పోయినవి. "మీ బడిలో పిల్లలకు మీరు చేస్తున్నది ఇదే" అని నేర్పేవారు చెప్పారట. మా సంఘములోనూ అంతే గదా! హార్మోనియము వాయించే అన్న తన గొంతుకు తగినట్లు ఒకటో శృతి పట్టుకొంటారు. పిల్లలు క్రింద మూలుగుతారు, పైన అరుస్తారు. వచ్చిన తరువాత టీచరమ్మ పల్లవి బాగా క్రిందికి దిగే కీర్తనలను పిల్లలకొరకు నాలుగు శృతికి ఎత్తారు. పై గాంధారము వరకు వెళ్ళేవాటిని మాత్రము రెండుకు ఉంచారు. ఏ పాటకు ఏ శృతో ఒక నోటు పుస్తకములో వ్రాసి పెట్టుకొన్నారు. హార్మోనియము అన్నకు మొదట కష్టమైనది. ఇప్పుడు ఆ పుస్తకము ఆయన దగ్గరే ఉంటున్నది.

చేతి గుర్తులు కూడ నేర్చుకొని వచ్చారు. కర్వెన్‌గారు 1870లో ఏర్పరచినవి ఇవి. తరువాత హంగేరీ దేశములో కొడాయ్ అనే సంగీత విద్వాంసుని మార్గములో నడచిన బడులలో ప్రసిద్ధి పొందినవి. పిడికిలి బిగిస్తే మొదటి స్వరము. ఆ విధముగా ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క గుర్తు. టీచరమ్మ దొ, రె, మి అనక స, రి, గ అన్నారు. అది మన శంకరాభరణమే గదా, పేరు మార్చినంతలో పోయినదేమున్నది? చదువు రాని పిల్లవాడు కూడ టీచరమ్మ చేయి చూచి స్వరము పైకి పోతున్నదో క్రిందికి దిగుతున్నదో చెప్పగలుగుతున్నాడు.

అక్కడ నేర్చిన ప్రతిదీ మనకు సరిపడదు. నాలుగు గొంతుకల పాట వినడానికి మహా గంభీరముగా ఉంటుంది, నిజమే. కాని పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను తీసికొనండి. 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన ఆ భక్తుడు మన రాగములలో, మన తాళములలో వ్రాశారు. మన కీర్తనల పుస్తకములో పాట పైన రాగము, తాళము అచ్చువేసి ఉండుట మీరెరుగుదురు. అటువంటి పాటలో స్వరము ఊగుతుంది, జారుతుంది. దాని క్రింద మూడు గొంతుకలను కదలకుండ నిలువబెడితే ఆ ఊపు చచ్చిపోతుంది. టీచరమ్మ ఒక కీర్తనకు అలా ప్రయత్నించి, రెండు వారములలో మానుకొన్నారు. అందుకు బదులు బుర్రకథలో వంతలవలె పిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శృతి పట్టి నిలుస్తుంది, ఇంకొకటి పాడుతుంది, పల్లవికి అందరు కలుస్తారు. మా తెలివికి ఇదే మంచిదిగా కనబడుతున్నది. పట్టణ సంఘములవారు వేరుగా తలంచవచ్చును.

మేము ముఖ్యముగా వ్రాయదలచినది ఇంకొక సంగతి. రెండవ రోజు రాత్రి టీచరమ్మ మా ఇంట అమ్మగారికి ఫోను చేసి చాలసేపు ఏడ్చారు. ఆ రోజు పాఠము, స్వరము కలుపలేని పిల్లలను గురించి. అటువంటి పిల్లలకు గొంతు లేదని తీర్మానింపవద్దు, వారు ఇంకా తమ గొంతును కనుగొనలేదంతే. పిల్లను మీ స్వరమునకు లాగవద్దు, ముందు మీరే ఆమె స్వరమునకు వెళ్ళండి, అక్కడనుండి మెల్లగా తీసికొని రండి అని నేర్పారట. వినగానే టీచరమ్మకు మా క్వయరులోని ఒక పిల్ల గుర్తుకు వచ్చినది. తొమ్మిదేండ్ల పిల్ల. క్రిస్మసు కార్యక్రమమునకు ముందు ఆ పిల్లతో, "నువ్వు పాడొద్దమ్మా, ఊరికే నోరాడించు చాలు" అని టీచరమ్మే చెప్పారు. ఆ పిల్ల నవ్వుముఖముతోనే నిలిచి నోరాడించినది. సంక్రాంతి ముందు ఆదివారమునకు రాలేదు.

ఆ కుటుంబము తోట కాపలాకు వెళ్ళేవారు. పిందె పడినది మొదలు కోత అయ్యేవరకు పాకలోనే ఉంటారు. ఫిబ్రవరి ఆఖరున టీచరమ్మ, మా అమ్మగారు, మేము సాయంకాలము ఆ తోటకు వెళ్ళాము. మేము పాక దగ్గర వాళ్ళ నాన్నతో మాటలాడుతుండగా, లోపలి చెట్ల వైపునుండి "హో... య్" అని ఒక కేక వచ్చినది. చిలుకలను తోలుతున్న ఆ పిల్లే. సన్నగా, ఎత్తుగా, తోట చివరి వరకు చక్కగా సాగిన స్వరము. టీచరమ్మ నిలిచిపోయి విన్నారు. తరువాత తాను కూడ అదే ఎత్తులో "హో... య్" అన్నారు. పిల్ల తిరిగి పలికినది. ఇద్దరూ అలా నాలుగైదుసార్లు చిలుకలను తోలారు! ఆ కేకనుండి జారుతూ క్రిందికి, ఇంకొంచెము క్రిందికి తీసికొని వచ్చి, చీకటి పడేలోగా మూడు స్వరములు కలిపారు. వెళ్ళే ముందు ఆ పిల్లను దగ్గరకు తీసికొని, "నోరాడించమన్నది నా తప్పు తల్లీ, ఇకనుంచి పాడు" అన్నారు. వాళ్ళ అమ్మ ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి మాకు టీ పెట్టి తెచ్చినది.

ఈస్టరు తెల్లవారు ఆరాధనలో ఆ పిల్ల ముందు వరుసలో నిలిచి పాడినది. పల్లవి చక్కగా కలిసినది. మూడవ చరణములో ఇంకా ప్రక్కకు పోతున్నది, పోనిండి. గొంతు పగిలే వయస్సులో సిగ్గుపడి మానివేసిన పదమూడేండ్ల కుర్రవాడు కూడ తిరిగి వచ్చాడు. అతనికి నాలుగే స్వరములు ఇచ్చి, ఆ శృతి గుంపులో నిలువబెట్టారు.

కోతలు మొదలైన తరువాత ఆదివారము మధ్యాహ్నము ప్రాక్టీసుకు పిల్లలు రారు. చిక్కము కట్టిన గడలు, గంపలు, ట్రాక్టర్లు, రసాలు ఒక ప్రక్క, బంగినపల్లి ఒక ప్రక్క. అందుచేత టీచరమ్మ వారమునకు రెండు సాయంకాలములు తోటలకే వెళ్ళారు. ఒక పాక దగ్గర ఆరుగురు, ఇంకొక పాక దగ్గర నలుగురు.

కోత పండుగ వేలము మొన్ననే జరిగినది. వచ్చిన సొమ్ములో స్పీకరు పెట్టెకెంత, వచ్చే జనవరికెంత అన్నది కమిటీలో ఇంకా తేలలేదు. ఈలోగా ప్రక్క పాస్టరేటునుండి ఇద్దరు బడి టీచర్లు తామును వస్తామని కబురు పంపారు. ఈసారి ముగ్గురికి టిక్కెట్లు తీయాలి.